పెద్ద మోడల్ రైలుకు సౌండు, వైర్‌లెస్ కంట్రోలు: తక్కువ ఖర్చులో మొదటి నుంచి చివరి దాకా

నల్లగొండలో మా ఇంటి వాకిట్లో తిరిగే రైలును చూసినవాళ్ళు రెండే ప్రశ్నలు అడుగుతారు. ఇంజన్ శబ్దం ఎక్కడి నుంచి వస్తోంది? ఫోన్‌తో ఎట్లా నడుస్తోంది? దేవరకొండ నుంచి ఒకరు, జడ్చర్ల నుంచి ఒకరు సామాన్లన్నీ కొనుక్కుని బిగించేశాక, పని చేయడం లేదని ఫోన్ చేశారు. ఇద్దరి సామాన్లూ బాగానే ఉన్నాయి. పొరపాటు జరిగింది వరుసలో. అన్నీ కలిపి ఇంజన్ బాడీలో పెట్టేసి, ఆ తర్వాత స్విచ్ వేశారు. ఏది పని చేస్తోందో, ఏది చేయడం లేదో తెలిసే దారి లేకుండా పోయింది.

అందుకే ఇక్కడ ఏం కొనాలి అన్నదాని కన్నా, ఏది ముందు చేయాలి అన్నదే ఎక్కువ రాస్తున్నాను. ప్రతి దశా టేబుల్ మీద పని చేశాకే తర్వాతి దశకు పోవాలి.

ఇది 45 మిల్లీమీటర్ల పట్టాల మీద నడిచే పెద్ద రైళ్ళకు, అంటే జీ స్కేల్ వాటికి. 1:22.5 నిష్పత్తిలో మీటర్ గేజ్ పట్టాల వెడల్పు దాదాపు ఇంతే వస్తుంది కాబట్టి వైడీఎం-4 లాంటి పాత మీటర్ గేజ్ డీజిల్ ఇంజన్‌ను ఇంట్లో తయారు చేసుకునేవాళ్ళకు సరిగ్గా సరిపోతుంది. కొన్న రైలైనా, ఎండీఎఫ్ చెక్కతో చేసుకున్నదైనా పద్ధతి ఒకటే.

1. కొనడానికి ముందు మోటారును కొలవండి

మోటారు ఎంత కరెంటు తీసుకుంటుందో తెలియకుండా డ్రైవర్ బోర్డు (మోటారు వేగాన్ని, దిశను మార్చే బోర్డు) కొనొద్దు. మల్టీమీటర్‌ను 10 ఆంపియర్ల సాకెట్‌లో పెట్టి, మోటారుకు వరుసగా (కరెంటు మీటరు గుండా మోటారుకు పోయేలా) కలిపి, 12 వోల్టులు ఇవ్వండి. రెండు అంకెలు రాసుకోండి: ఇంజన్ బోగీలు లాగుతున్నప్పుడు ఎంత, చక్రాలను చేత్తో ఆపినప్పుడు ఎంత. రెండోది ఒక్క సెకను మాత్రమే, లేకపోతే మోటారు కాలిపోతుంది.

నా ఇంజన్‌కు నడిచేటప్పుడు 0.7 ఆంపియర్లు, ఆపి పట్టుకుంటే 2.8 వచ్చాయి. డ్రైవర్ బోర్డును ఆ రెండో అంకెను చూసి ఎంచుకోవాలి.

ఇంజన్ లోపలి జాగా కూడా స్కేలుతో కొలవండి. బ్యాటరీ, స్పీకరు రెండూ పెద్దవి. ఇంజన్‌లో పట్టకపోతే బ్యాటరీని వెనక మొదటి బోగీలో పెట్టి, రెండు వైర్ల ప్లగ్గుతో కలపొచ్చు. అందులో తప్పేమీ లేదు.

2. కరెంటు పట్టాల నుంచి వద్దు, బ్యాటరీ పెట్టండి

మన వాకిళ్ళలో ఎర్రమట్టి దుమ్ము పట్టాల మీద పడకుండా ఆపలేం. పట్టాల నుంచి కరెంటు తీసుకునే రైలు ఆ దుమ్ముకు పది అడుగులకోసారి తడబడుతుంది. ఒక్క క్షణం కరెంటు తెగినా సౌండు బోర్డు మళ్ళీ మొదటి నుంచి మొదలవుతుంది. బ్యాటరీ ఇంజన్‌లోనే ఉంటే పట్టాలు తుడిచే పని తప్పుతుంది, ఖరీదైన ఇత్తడి పట్టాల అవసరమూ ఉండదు.

3. సామాన్ల జాబితా

- ఈఎస్‌పీ32 బోర్డు (రైలును నడిపే చిన్న కంప్యూటర్ లాంటిది, వైఫై అందులోనే ఉంటుంది)
- బీటీఎస్7960 మోటారు డ్రైవర్
- డీఎఫ్‌ప్లేయర్ మినీ సౌండు బోర్డు, 32 జీబీ లేదా అంతకు తక్కువ మైక్రో ఎస్‌డీ కార్డు
- రెండంగుళాల స్పీకరు, 4 లేదా 8 ఓమ్‌లు, 3 వాట్లు
- 18650 లిథియం సెల్స్ మూడు, మూడు సెల్స్‌కు సరిపడే బీఎంఎస్ బోర్డు (సెల్స్ మరీ ఎక్కువ చార్జ్ అవకుండా, మరీ ఖాళీ అవకుండా కాపాడేది)
- 12.6 వోల్టుల లిథియం చార్జర్ (మామూలు 12 వోల్టుల అడాప్టర్ పనికిరాదు)
- ఎల్ఎం2596 బక్ కన్వర్టర్లు రెండు (బ్యాటరీ వోల్టేజ్‌ను 5 వోల్టులకు తగ్గించేవి)
- 5 ఆంపియర్ల ఫ్యూజ్, ఆన్-ఆఫ్ స్విచ్
- 1000 మైక్రోఫారడ్ 16 వోల్టుల కెపాసిటర్లు రెండు, 0.1 మైక్రోఫారడ్ సిరామిక్ ఒకటి
- 1 కిలో ఓమ్, 22 కిలో ఓమ్, 100 కిలో ఓమ్ రెసిస్టర్లు

ఇవన్నీ హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీలో ఒక పూటలో దొరుకుతాయి. ఆన్‌లైన్‌లోనూ తెప్పించుకోవచ్చు. నాకు మొత్తం మూడు వేల రూపాయల లోపే అయింది.

ఎల్298ఎన్ డ్రైవర్ ఇంకా తక్కువకు వస్తుందని చాలామంది అదే కొంటారు. వద్దు. మోటారుకు చేరేలోపే అది దాదాపు 2 వోల్టులు తినేస్తుంది, ఆ నష్టమంతా వేడిగా మారుతుంది.

సెల్స్ దగ్గర మాత్రం బాగా జాగ్రత్త. ఒక షాపులో నాకు 9,900 మిల్లీ ఆంపియర్ అవర్ అని రాసి ఉన్న సెల్స్ అమ్మారు. ఇంటికి తెచ్చి నడిపితే ఇరవై నిమిషాలకే రైలు ఆగింది. మంచి 18650 సెల్‌లో ఉండేది సుమారు 2,000 నుంచి 3,500 వరకే. మా వంటింటి చిన్న తూకం మీద పెట్టి చూస్తే ఒక్కోటి 30 గ్రాములు కూడా లేదు. అసలు సెల్ దాదాపు 45 గ్రాములు ఉంటుంది. అప్పటి నుంచి తూచకుండా నేను ఏ సెల్లూ వాడలేదు. పాత లాప్‌టాప్ బ్యాటరీల నుంచి తీసిన సెల్స్ చవకే గానీ, మొదటిసారి చేసేవాళ్ళు వాటి జోలికి పోవద్దు.

4. ముందు కరెంటు సరిచూసుకోండి

ఈ దశకు ఒక సాయంత్రం పూర్తిగా కేటాయించండి. నాకు వచ్చిన ఫోన్లలో ఎక్కువ భాగం ఇక్కడి తప్పులవే.

మూడు సెల్స్‌నూ ఒక్క సెల్‌కు సరిపడే చార్జర్‌లో (12.6 వోల్టుల దానితో కాదు) విడివిడిగా ఫుల్ చార్జ్ చేసి, వోల్టేజ్ కొలవండి. మూడింటి మధ్య తేడా 0.05 వోల్టుకు మించకూడదు. అప్పుడే వాటిని వరుసగా, అంటే ఒకదాని ప్లస్‌ను తర్వాతిదాని మైనస్‌కు, కలపండి. సెల్ మీద నేరుగా సోల్డరింగ్ చేయొద్దు, ఆ వేడికి సెల్ పాడవుతుంది. ఈ-బైక్ బ్యాటరీలు బాగుచేసే షాపులో నికెల్ పట్టీతో స్పాట్ వెల్డింగ్ చేయించుకోవడం మంచిది. హోల్డర్ వాడితే, కుదుపులకు సెల్ ఎగరకుండా పైన గట్టిగా టేప్ చుట్టండి.

బీఎంఎస్ బోర్డు మీద 0, 4.2, 8.4, 12.6 అని రాసి ఉంటుంది. ఆ వరుసలోనే, సున్నా నుంచి మొదలుపెట్టి కలపాలి. బ్యాటరీ ప్లస్ వైరు మీద, సెల్స్‌కు వీలైనంత దగ్గరగా ఫ్యూజ్ పెట్టండి. దాని తర్వాత స్విచ్.

ఇప్పుడు బక్ కన్వర్టర్. షాపు నుంచి వచ్చేటప్పుడు దాని అవుట్‌పుట్ ఎంతైనా ఉండొచ్చు. ఏ బోర్డూ కలపకుండా ముందు బ్యాటరీ ఇచ్చి, చిన్న ఇత్తడి స్క్రూ తిప్పుతూ అవుట్‌పుట్‌ను 5 వోల్టులకు తేవాలి. పది పన్నెండు చుట్లు తిప్పినా ఏమీ మారనట్టే ఉంటుంది, ఆ తర్వాత ఒక్కసారిగా కదలడం మొదలవుతుంది. 5.0, 5.1 మధ్య ఆగాక, స్క్రూ మీద ఒక చుక్క నెయిల్ పాలిష్ వేయండి. రైలు కుదుపులకు అది మళ్ళీ కదలదు.

రెండు కన్వర్టర్లు ఎందుకంటే, ఒకటి ఈఎస్‌పీ32కు, రెండోది సౌండుకు. ఒక్కదానితోనే నడిపితే హారన్ కొట్టినప్పుడల్లా వైఫై తెగే ప్రమాదం ఉంది. ఒక్కో కన్వర్టర్ అవుట్‌పుట్ దగ్గర ఒక్కో 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టండి. మైనస్ గుర్తున్న కాలు మైనస్‌కే పోవాలి.

ముందుకు పోయే ముందు:

- బ్యాటరీ ఫుల్ చార్జ్‌లో 12.6 దగ్గర చూపిస్తోందా?
- రెండు కన్వర్టర్లూ 5 వోల్టులు ఇస్తున్నాయా?
- స్విచ్ తీస్తే రెండు చోట్లా సున్నా వస్తోందా?
- మైనస్ వైర్లన్నీ ఒకే చోట కలిశాయా?

5. మోటారును ఫోన్‌తో నడపడం

ఈఎస్‌పీ32ను ఆర్డుయినో సాఫ్ట్‌వేర్‌తో ప్రోగ్రామ్ చేస్తారు. కోడ్ రాయడం రాకపోతే దగ్గర్లోని పాలిటెక్నిక్ లేదా ఇంజనీరింగ్ కాలేజీ పిల్లలను అడగండి, ఒక ఆదివారం పని. ఏం కావాలో స్పష్టంగా చెప్పగలిగితే చాలు. చెప్పాల్సింది ఇది.

బోర్డు తన సొంత వైఫైని తానే ఇవ్వాలి. అప్పుడు ఇంట్లో ఇంటర్నెట్ ఉన్నా లేకపోయినా, పొలం గట్టు మీదైనా రైలు నడుస్తుంది. ఫోన్‌ను ఆ వైఫైకి కలిపి బ్రౌజర్‌లో 192.168.4.1 కొడితే పేజీ తెరుచుకోవాలి. అందులో స్పీడు స్లైడర్, ముందుకు-వెనక్కి, హారన్, ఇంజన్ స్టార్ట్-స్టాప్ ఉంటే చాలు. ఆ పేజీ ఫోన్‌లో తెరుచుకోకపోతే మొబైల్ డేటా ఆపేసి మళ్ళీ చూడండి. ఇంటర్నెట్ లేని వైఫైని చాలా ఫోన్లు పక్కన పెట్టేస్తాయి.

ప్రోగ్రామ్‌లో తప్పకుండా ఉండాల్సినవి:

- ఫోన్ నుంచి రెండు సెకన్ల పాటు సందేశం రాకపోతే రైలు మెల్లగా ఆగిపోవాలి. ఇది లేకుండా రైలును పట్టాల మీద పెట్టొద్దు. ఫోన్ చార్జింగ్ అయిపోయిన రోజున దీని విలువ తెలుస్తుంది.
- స్లైడర్ ఎంత వేగంగా లాగినా మోటారు వేగం మెల్లగానే పెరగాలి, మెల్లగానే తగ్గాలి.
- నడుస్తుండగా వెనక్కి నొక్కితే ముందు పూర్తిగా ఆగి, అప్పుడే దిశ మార్చాలి.
- మోటారుకు ఇచ్చే పల్స్ వేగం 16 నుంచి 20 కిలోహెర్ట్జ్ మధ్య ఉండాలి. 1 కిలోహెర్ట్జ్ పెడితే మోటారు సన్నగా కీచుమంటుంది, ఆ కీచు మీద మీ ఇంజన్ శబ్దం పాడవుతుంది.

వైరింగ్‌లో గుర్తుంచుకోవాల్సినవి. ఈఎస్‌పీ32 పిన్నుల్లో 6 నుంచి 11 వరకు ముట్టుకోవద్దు, అవి దాని మెమరీకి కేటాయించినవి. 34 నుంచి 39 వరకు ఇన్‌పుట్‌కు మాత్రమే పనికొస్తాయి. బీటీఎస్7960 లాజిక్ కరెంటును (సిగ్నల్ భాగానికి ఇచ్చేదాన్ని) 5 వోల్టులకు బదులు ఈఎస్‌పీ32 ఇచ్చే 3.3 వోల్టులకు కలపండి, అప్పుడు రెండు బోర్డుల సిగ్నల్ ఒకే స్థాయిలో ఉంటుంది. మోటారు రెండు కాళ్ళ మధ్య 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్‌ను మోటారుకు ఆనించి సోల్డర్ చేయండి. యూఎస్‌బీ కేబుల్ పెట్టి ప్రోగ్రామ్ ఎక్కించేటప్పుడు బ్యాటరీ స్విచ్ ఆఫ్ చేయండి.

బ్యాటరీ ఎంత మిగిలిందో ఫోన్‌లో కనపడాలంటే, బ్యాటరీ ప్లస్ నుంచి 100 కిలో ఓమ్, దాని కింద మైనస్‌కు 22 కిలో ఓమ్ పెట్టి, మధ్య నుంచి 34వ పిన్నుకు వైరు ఇవ్వండి. వైఫై నడుస్తున్నప్పుడు 32 నుంచి 39 వరకు ఉన్న పిన్నులే వోల్టేజ్‌ను సరిగా చదువుతాయి. వేరే పిన్ను పెట్టి అంకె రావడం లేదని తల పట్టుకున్నవాళ్ళను చూశాను. బ్యాటరీ 10 వోల్టులకు దిగగానే రైలు ఆగేలా పెట్టుకుంటే సెల్స్ ఎక్కువ కాలం వస్తాయి.

6. శబ్దాలు సేకరించడం

ఈ పనిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే.

హారన్ కోసం లెవెల్ క్రాసింగ్ గేటు దగ్గర, రోడ్డు వైపున నిలబడితే చాలు. గేటు దగ్గరికి వచ్చేటప్పుడు డ్రైవర్ ఎలాగూ హారన్ కొడతాడు. పట్టాల మీదికి మాత్రం పోవద్దు. ప్రమాదం సంగతి అటుంచి, 1989 రైల్వే చట్టం సెక్షన్ 147 ప్రకారం అది నేరం కూడా. ఫోన్ మైక్ మీద పల్చటి చేతి రుమాలు ఒక మడత చుట్టండి, గాలి హోరు చాలావరకు తగ్గుతుంది. తెల్లవారుజామున వెళ్తే బైకుల రొద ఉండదు.

డీజిల్ ఇంజన్ ఐడ్లింగ్ (కదలకుండా ఆన్‌లో ఉన్నప్పటి శబ్దం) దొరకడం మాత్రం కష్టం. ఇప్పుడు వచ్చే రైళ్ళలో ఎక్కువ కరెంటు ఇంజన్లే. నేను చేసింది చెప్తాను. మా బాబాయి ట్రాక్టర్‌ను న్యూట్రల్‌లో ఉంచి, బానెట్ పక్కన మూడు అడుగుల దూరంలో ఫోన్ పెట్టి రెండు నిమిషాలు రికార్డు చేశాను. దాన్ని ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో తెరిచి, వేగం నలభై శాతం తగ్గించాను. దాని కాపీ ఒకటి కొద్దిగా వెనక్కి జరిపి మీద పరిచాను. ట్రాక్టర్ టకటక పోయి, కడుపులోంచి వచ్చినట్టు గుడుగుడుమనే బరువైన శబ్దం వచ్చింది. మొదటిసారి స్పీకర్‌లో విన్న మా బాబాయి అది తన బండి అని నమ్మలేదు.

నిజమైన డీజిల్ ఇంజన్‌కు ఎనిమిది నాచ్‌లు, అంటే శక్తి పెంచే మెట్లు, ఉంటాయి. మోడల్‌కు నాలుగు చాలు. ఐడ్లింగ్ శబ్దాన్నే మెట్టు మెట్టుగా వేగం పెంచి నాలుగు ఫైళ్ళు చేసుకోండి.

ఎంపీ3 ఫైలు చివరికి వచ్చి మళ్ళీ మొదలయ్యేటప్పుడు చిన్న ఖాళీ వినిపిస్తుంది. దాన్ని పూర్తిగా తీయలేం. కాబట్టి ప్రతి ఫైలునూ పది నిమిషాల పొడవు చేయండి. అతుకు వేసిన చోట ముందు ముక్క తగ్గుతూ, తర్వాతి ముక్క పెరుగుతూ కలిసిపోయేలా చేస్తే ఎక్కడ అతికారో చెవికి తెలియదు. ఫైళ్ళన్నీ మోనోలోనే ఉంచండి.

మా పాప గొంతుతో "రామన్నపేట, నల్లగొండ, మిర్యాలగూడ మీదుగా" అని ఒక అనౌన్స్‌మెంట్ కూడా రికార్డు చేసి పెట్టాను. ఇంటికి వచ్చిన పిల్లలు ముందు ఆ బటనే నొక్కుతారు.

ఆవిరి ఇంజన్ చేసేవాళ్ళకు ఒక మాట: రెండు సిలిండర్ల ఇంజన్ చక్రం ఒక చుట్టు తిరిగితే నాలుగు సార్లు "ఛుక్" అనాలి. ఇరుసు మీద నాలుగు చిన్న అయస్కాంతాలు, పక్కన వాటిని పసిగట్టే ఒక హాల్ సెన్సర్ పెడితే లెక్క తప్పదు.

7. సౌండు బోర్డు

కార్డును ఫ్యాట్32లో ఫార్మాట్ చేయండి. అందులో ఎంపీ3 అనే ఫోల్డరు, పేరు ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో. ఫైళ్ళ పేర్లు 0001, 0002 అని నాలుగంకెలతో మొదలవ్వాలి. ఇలా పెట్టకపోతే బోర్డు ఫైళ్ళను కాపీ అయిన వరుసలో లెక్కపెడుతుంది, హారన్ నొక్కితే ఐడ్లింగ్ వస్తుంది.

ఈఎస్‌పీ32 17వ పిన్ను నుంచి డీఎఫ్‌ప్లేయర్ ఆర్ఎక్స్‌కు (సందేశం అందుకునే పిన్నుకు) పోయే వైరులో 1 కిలో ఓమ్ రెసిస్టర్ తప్పనిసరి. అది లేకపోతే స్పీకర్‌లో ఎప్పుడూ సన్నటి బుర్రుమనే చప్పుడు ఉంటుంది. స్పీకరు రెండు వైర్లూ బోర్డు మీది రెండు స్పీకర్ పిన్నులకే పోవాలి. ఒకదాన్ని మైనస్‌కు కలిపితే బోర్డు పాడవుతుంది.

ఈ బోర్డు ఒకసారికి ఒకే శబ్దం వినిపిస్తుంది. హారన్ కొడితే ఇంజన్ శబ్దం ఆగిపోతుంది. దీనికి నేను ఎంచుకున్న దారి రెండో డీఎఫ్‌ప్లేయర్, రెండో చిన్న స్పీకరు. ఒకటి ఇంజన్‌కు, ఒకటి హారన్, అనౌన్స్‌మెంట్లకు. రెండు బోర్డుల అవుట్‌పుట్‌ను ఒకే స్పీకర్‌కు కలపొద్దు.

స్పీకర్‌ను గాలిలో వదిలేస్తే ఎంత మంచిదైనా దోమ మోతలా ఉంటుంది. ముందు నుంచి వచ్చే గాలి, వెనక గాలి కలవకుండా మూసిన డబ్బా కావాలి. పొలాల్లో వాడే 63 మిల్లీమీటర్ల పీవీసీ పైపు ఎండ్ క్యాప్‌లో రెండంగుళాల స్పీకరు చక్కగా కూర్చుంటుంది. వైరు పోయే రంధ్రాన్ని, అంచులను ఎం-సీల్‌తో పూర్తిగా మూసేయండి. ముందు, తర్వాత విని చూడండి. అదే స్పీకరు, అదే ఫైలు, బాస్ ఎక్కడి నుంచో వచ్చి చేరుతుంది.

8. శబ్దాన్ని వేగంతో జత చేయడం

నిజమైన ఇంజన్‌లో ముందు శబ్దం పెరుగుతుంది, ఆ తర్వాతే బండి కదులుతుంది. మీ ప్రోగ్రామ్‌లోనూ స్లైడర్ జరపగానే శబ్దం నాచ్ ఎక్కి, ఒకటిన్నర సెకను తర్వాత చక్రాలు కదలాలి. ఆపేటప్పుడు శబ్దం ముందే ఐడ్లింగ్‌కు పడిపోవాలి, బండి ఆ ఊపుతో ఇంకాస్త దొర్లి ఆగాలి. ఈ ఒక్క మార్పుకు పైసా ఖర్చు లేదు. అయినా చూసేవాళ్ళకు బొమ్మ బరువైన ఇంజన్‌లా అనిపించేది దీనివల్లే.

9. ఇంజన్‌లో అమర్చడం

బరువైన బ్యాటరీ చక్రాల మీదికి, అడుగున రావాలి. ఈఎస్‌పీ32 యాంటెన్నా ఉన్న కొసను రేకుకు, బ్యాటరీకి దూరంగా ఉంచండి. రేకు బాడీలో పూర్తిగా మూసేస్తే సిగ్నల్ బయటికి రాదు. మోటారు వైర్లను మెలిపెట్టి ఒక వైపు, సౌండు వైర్లను మరో వైపు నడిపించండి. స్పీకరు ముఖం కిందికి ఉంటే అడుగున రంధ్రాలు చేయండి. చార్జింగ్ ప్లగ్గు, స్విచ్ బాడీ విప్పకుండా చేతికి అందాలి.

10. తప్పులు, వాటికి మందులు

రైలు కదలగానే సౌండు మొదటి నుంచి వస్తోంది: మోటారు లాగే కరెంటుకు 5 వోల్టులు పడిపోతున్నాయి. కెపాసిటర్ ఉందా, బ్యాటరీ నుంచి వచ్చే వైరు సన్నగా ఉందా చూడండి.

సౌండు అసలే రావడం లేదు: పదిసార్లలో ఎనిమిది సార్లు కార్డే కారణం. వేరే కార్డు పెట్టి చూడండి. ఆ తర్వాత టీఎక్స్ (సందేశం పంపేది), ఆర్ఎక్స్ వైర్లు తారుమారయ్యాయేమో చూడండి.

స్పీడు పెంచినకొద్దీ స్పీకర్‌లో గరగర: మైనస్ వైర్లు ఒకదాని వెనక ఒకటి గొలుసులా కలిపి ఉంటారు. ప్రతి బోర్డు మైనస్‌నూ విడిగా ఒకే చోటికి తేవాలి.

కొంత దూరం పోయి ఆగిపోతోంది: వైఫై అందడం లేదు, రెండు సెకన్ల నియమం పని చేసింది. యాంటెన్నా జాగా మార్చండి.

ముందుకు నొక్కితే వెనక్కి పోతోంది: మోటారు వైర్లు రెండూ అటూ ఇటూ మార్చండి, అంతే.

11. మన ఎండలకు

లిథియం సెల్స్‌ను 45 డిగ్రీలు దాటిన వేడిలో చార్జ్ చేయకూడదు. మే నెలలో నల్లగొండలో, పాలమూరులో నీడలోనే దాని దగ్గరికి పోతుంది, ఎండలో నడిచిన ఇంజన్ లోపల ఇంకా ఎక్కువ. అందుకే ఎండాకాలం సాయంత్రం నడిపి, గంట చల్లారనిచ్చి, అప్పుడు చార్జ్ పెట్టండి. చార్జింగ్ ఇంట్లో షాబాద్ బండ మీద, మనిషి కంటి ముందు. పరుపు మీద, అట్టపెట్టెలో, రాత్రి పడుకునేటప్పుడు వద్దు.

నెలల తరబడి నడపకపోతే సెల్స్‌ను నిండుగా వదిలేయొద్దు, పూర్తిగా ఖాళీగానూ వదిలేయొద్దు. ఒక్కో సెల్ 3.7, 3.8 వోల్టుల మధ్య ఉన్నప్పుడు ప్లగ్గు ఊడదీసి, చల్లటి చోట పెట్టండి. రెండు నెలలకోసారి మల్టీమీటర్‌తో చూసి, ఆ అంకెను తేదీతో సహా బ్యాటరీ మీదే మార్కర్‌తో రాయండి.